పెళ్ళి గుర్రం మీద టికెట్ల గుమస్తా

ఎనిమిదేళ్ళుగా నా ఉద్యోగం కూర్చోవడమే. పోర్ట్ బ్లెయిర్‌లోని హాడో రేవులో ఓడ టికెట్లిచ్చే కిటికీ వెనక, ఒక కాలు పొట్టిదైన కుర్చీలో, పొద్దుట్నుంచి సాయంత్రం దాకా కూర్చుంటాను. అందుకే నాకు కాబోయే మామగారు వెంకటాచలం గారు "అల్లుడు గుర్రమెక్కి రావాల" అన్నప్పుడు, కూర్చోవడమే కదా అని తల ఊపేశాను.

మా తాతలు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చారు. మావాళ్ళలో గుర్రమెక్కిన పెళ్ళికొడుకు ఎవడూ లేడు. కానీ పోర్ట్ బ్లెయిర్‌లో పుట్టినవాళ్ళం కదా, పక్కింటి హిందీవాళ్ళ పెళ్ళిలో ఏముంటే అది మన పెళ్ళిలోనూ ఉండాలి. నుదుటికి బాసికం కట్టుకుంటాం, దాని మీంచి వాళ్ళలాగే మొహానికి పూలతెర వేలాడదీసుకుంటాం.

అసలు చిక్కు దారితో వచ్చింది. హాడో నుంచి షాదీపూర్‌లోని పెళ్ళికూతురు సింధూరి వాళ్ళింటికి వెళ్ళాలంటే సముద్రం కనిపించే మలుపొకటి దాటాలి. సునామీ రోజున నేను మా అమ్మని వదిలేసి పారిపోయింది ఆ మలుపు దగ్గరే.

ఆ ఆదివారం పొద్దున్న భూమి కదిలాక అందరం రోడ్డు మీదికి వచ్చాం. నీళ్ళొస్తున్నాయని ఎవరో అరిచారు. నేను అమ్మ చెయ్యి వదిలేసి, చెప్పులు కూడా వదిలేసి, గుట్టెక్కేశాను. పైకెళ్ళి వెనక్కి తిరిగేదాకా నాకొక తల్లి ఉందన్న సంగతే గుర్తు రాలేదు. నీళ్ళు అమ్మ మోకాళ్ళ దాకా వచ్చి తిరిగిపోయాయి. తర్వాత ఆవిడే నన్ను వెతుక్కుంటూ వచ్చి, దెబ్బలేమైనా తగిలాయా అని అడిగింది. అంతే. మూడేళ్ళయినా మళ్ళీ ఆ ఊసెత్తలేదు. కాలనీవాళ్ళు మాత్రం నాకు 'ఎక్స్‌ప్రెస్ రమణయ్య' అని పేరు పెట్టారు. ఆ పేరు నేనూ నవ్వుతూ మోశాను. అమ్మ ఒక్క తిట్టు తిట్టకపోవడం మాత్రం భరించలేకపోయాను.

ఇప్పుడు పెళ్ళి ఊరేగింపులో, అమ్మ పక్కనే నడుస్తుండగా, అదే మలుపు దగ్గర నేను గుర్రం మీంచి దూకి పరిగెడితే? ఇక ఆవిడ మొహం చూడలేను.

గరాచర్మలో తాతబ్బాయి అనే ముసలాయనకి బిజిలీ అనే తెల్ల గుర్రం ఉంది. పెళ్ళిళ్ళకి తోలుకెళ్తాడు. దాని పాక మీద సునామీ సాయంలో వచ్చిన నీలం టార్పాలిన్ ఉంది. గాలికి అది టపటపమంటే చాలు, బిజిలీ ఉన్నపళంగా పక్కకి దూకుతుంది. స్వారీ నేర్చుకుందామని నేనెక్కిన మొదటిరోజు అది ఎడమకి దూకింది. నేను పుట్టినప్పట్నుంచి ఓడలెక్కినవాణ్ణి. ఓడ ఎడమకి ఒరిగితే కుడికి వాలాలని నా ఒంటికి తెలుసు. కుడికి వాలాను. అక్కడ గుర్రం లేదు. దాని లద్దె ఉంది.

తాతబ్బాయి నన్ను లేపలేదు, ముందు గుర్రాన్ని నిమిరాడు.

"ఇది జహాజ్ కాదు బాబూ, పేణమున్న జీవం. అదెటు పోతే నీ నడుం అటు పోవాల."

రెండోరోజు మోకాళ్ళతో దాన్ని గట్టిగా నొక్కిపట్టాను. నొక్కినకొద్దీ కుర్చీలోంచి లేచినట్టు పైకి లేచిపోయాను. పైగా ఆ నొక్కుడికి బిజిలీ ఇంకా బెదిరింది.

"నువ్వు కూకోలేదు, యేలాడతన్నావు," అన్నాడు తాతబ్బాయి. "మోకాళ్ళు ఒగ్గీ. మడమలు కిందకి దించు. ఊపిరి ఒదులు. అది దేన్ని సూసి బెదిరిందో నువ్వూ దాన్నే సూస్తే ఎలగ? ఎళ్ళే రోడ్డు సూడు."

ఎనిమిదేళ్ళ సర్వీసున్న గుమస్తాకి కూర్చోవడం రాదని అలా తేలింది. రెండు వారాలు రోజూ ఆఫీసయ్యాక బస్సెక్కి వెళ్ళి కూర్చోవడం నేర్చుకున్నాను. ఆఫీసులో మాత్రం నిలబడి టికెట్లిచ్చాను, కూర్చునే వీలు లేక.

ఒకరోజు గుర్రమెక్కి సముద్రం ఒడ్డుకి తీసుకెళ్తే దాని ఒళ్ళంతా బిగుసుకుపోయింది.

"పాపం, దీనికి సునామీ గుర్తొచ్చినట్టుంది మావా," అన్నాను.

తాతబ్బాయి నావైపు జాలిగా చూశాడు. "ఇది మెయిన్‌లాండ్ నుంచి వొచ్చి ఏడాదే అయింది. సునామీ సూసింది నువ్వు."

చాలాసేపటి నుంచి బిగబట్టి ఉన్న ఊపిరి మెల్లగా వదిలాను. బిజిలీ తల దించి ఇసక వాసన చూసింది.

పెళ్ళి సాయంత్రం నాలుగింటికి బయల్దేరాం. ముందు బ్యాండు, దాని వెనక కాలనీ కుర్రాళ్ళ డాన్సు, ఒక పక్క పగ్గం పట్టుకుని తాతబ్బాయి, ఇంకో పక్క పసుపు కుంకుమల పళ్ళెంతో మా అమ్మ అసిరమ్మ. పూలతెరలోంచి నాకు లోకం నాలుగు ముక్కలుగా కనిపిస్తోంది. మలుపు దగ్గరికి రాగానే ఎవడో ఉత్సాహవంతుడు టపాకాయల సరం అంటించాడు.

బిజిలీ గాల్లోకి లేచింది. పగ్గం తాతబ్బాయి చేతిలోంచి జారిపోయింది. గుర్రం ఎడమకి దూకింది, నా నడుమూ దానితోపాటే ఎడమకి వెళ్ళింది. మడమలు దించాను. భయం వెయ్యలేదని అబద్ధమాడను. అయినా ఊపిరి వదిలి, రోడ్డు వైపు చూస్తూ, కళ్ళెం ఒకవైపు మెల్లగా లాగి దాన్ని చిన్న చుట్టు తిప్పాను. ఇంకో చుట్టు తిప్పాను. మూడో చుట్టుకి ఆగింది.

చూస్తే రోడ్డు మీద తాతబ్బాయి తప్ప ఎవరూ లేరు. డాన్సు కుర్రాళ్ళూ బ్యాండువాళ్ళూ పక్క కాలవలో ఉన్నారు. డోలు వాయించేవాడు గోడ మీద ఉన్నాడు. అందరికంటే దూరంగా, గుట్ట దారిలో సగం పైన, వొట్టి చేతులతో మా అమ్మ నిలబడి ఉంది.

ఆవిడ మెల్లగా దిగి వచ్చింది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఒగ్గీసి పరిగెట్టీసేన్రా నాయినా," అంది. "కన్నతల్లిని, నిన్నొగ్గీసి ఎలిపోయేను."

"దానికేంటమ్మా? కాళ్ళు మన మాట వింటాయా? భయమేసింది, పరిగెట్టావు. మళ్ళీ వచ్చేసావుగా."

అమ్మ కొంగుతో మొహం తుడుచుకుని, తలెత్తి నన్ను చూసింది.

"మరి ఈ మాట నీకు నువ్వు సెప్పుకోడానికి మూడేళ్ళు సాల్లేదేటిరా?"

నాకు ఏడుపొచ్చేసింది. పూలతెర కట్టుకునే ఆచారం పెట్టినవాళ్ళెవరో గాని, వాళ్ళకి దణ్ణం పెట్టుకున్నాను. బ్యాండువాళ్ళు ఒక్కొక్కరే కాలవలోంచి పైకి వస్తున్నారు. తాతబ్బాయి పగ్గం అందుకోబోతే అమ్మ తనే తీసుకుంది.

"నడవండి," అంది. "అక్కడ పిల్ల సూస్తా ఉంటాది."