నూలు మండీ మేడ పాట

దెయ్యాలంటే నాకు నమ్మకం లేదు. ఇప్పటికీ లేదనే అంటాను. ఇళ్లు కట్టే వృత్తి మాది. సగం కట్టిన ఇళ్లలో ఒంటరిగా పడుకున్నాను. శ్మశానం గోడ పక్కన పునాదులు తవ్వించాను. జనం పేరెత్తడానికే జంకే పాడుకొంపల్ని దగ్గరుండి పడగొట్టించాను. ఎక్కడా చీమ చిటుక్కుమనలేదు. మేస్త్రీకి దెయ్యం కన్నా తడిసిన సిమెంటు బస్తాతోనే ఎక్కువ భయం.

మేముండేది వేలూరులో. నాకున్న ఒకే ఒక్క వ్యసనం పాత పాటల రికార్డులు. ఇంట్లో తెలుగే మాట్లాడినా నేను చదివింది తమిళంలో. పెద్దయ్యాక ఈ రికార్డుల అట్టల మీది పేర్లు కూడబలుక్కుంటూ తెలుగు అక్షరాలు నేర్చుకున్నాను. అందుకే తెలుగు రికార్డు కనబడితే వదలను. ఇలాగే కొంటూ పోతే మనం వీధిలో పడుకోవాలని మా ఆవిడ దెప్పుతుంటుంది.

వేలూరులో ఇప్పుడు రికార్డులు దొరికే చోట్లు పెద్దగా లేవు. బజారు వెనక ఒక రేడియో మెకానిక్ దగ్గర కొన్ని ఉంటాయి, అవీ ఎక్కువగా తమిళ భక్తి పాటలే. అసలు సరుకంతా దగ్గర్లోని గుడియాత్తం ఊళ్లో మునిరత్నం అన్న దగ్గరుంది. ఆయన అంగడి ఒక పాత మేడ కింది గదిలో. ఒకప్పుడు నూలు వ్యాపారం నడిచిన ఇల్లు కాబట్టి ఊళ్లో ఇప్పటికీ దాన్ని నూలు మండీ మేడ అంటారు. టేకు దూలాల మీద ఇటుకలు పేర్చి, పైన సున్నంతో వేసిన కప్పు.

ఈ మధ్య అన్న కొడుక్కి పెళ్లి కుదిరింది. కొత్త జంటకు మేడ మీద ఒక గది కావాలని ఆ పని నాకే అప్పజెప్పాడు. నేను పైకెక్కి చూశాను, కింద నిలబడి దూలాలన్నీ తట్టి చూశాను. ఖంగుమన్నాయి. ఢోకా లేదన్నాను.

పని మొదలుపెట్టే రోజు పొద్దున్నే పూజ చేయించి, ఇటుకల లారీ రాగానే పైకెక్కించమని మా మనుషులకు చెప్పాను. వచ్చేటప్పుడు చెయ్యి ఊరుకోక అంగట్లో కొన్ని రికార్డులు కొన్నాను. అందులో ఒకటి తెలుగు సినిమా పాటలది. అట్ట చిరిగి పీలికలైంది గానీ రికార్డు మీద గీత కూడా లేదు.

మధ్యాహ్నం ఇంటికొచ్చి, అన్నం తిని, దాన్ని తుడిచి ప్లేయర్ మీద పెట్టాను. పాటలన్నీ శుభ్రంగా వచ్చాయి. రెండోవైపు చివరి పాట అయిపోయి ముల్లు లోపలి ఖాళీలో తిరుగుతోంది. ఎత్తేద్దామని లేచాను. అప్పుడు చప్పుడు మొదలైంది.

తడి సున్నం మీద చెక్క పడే చప్పుడు. అది నాకు తెలుసు. పూర్వం మేడకు కప్పు వేస్తే ఆడవాళ్లు వరసగా కూర్చుని, కరక్కాయ నీళ్లు చల్లుతూ, ఆ సున్నం గట్టిపడేదాకా రోజుల తరబడి చెక్కలతో కొట్టేవాళ్లు. అందరి దెబ్బా ఒక్కసారే పడాలని ఒకామె పాట ఎత్తుకునేది, మిగతావాళ్లు అందుకునేవాళ్లు. పాటలో ఆ ఇంటి పేరు వచ్చేది. చెయ్యి మెల్లగా వేసేవాళ్లను పేరు పెట్టి వెక్కిరించడమూ ఉండేది. ఇప్పుడా కప్పులు లేవు, ఆ పాటలూ లేవు.

ఆ చప్పుడు మీదుగా ఒక ఆడగొంతు లేచింది. నూలు మండీ మేడ గట్టిగా కొట్టమని పాడుతోంది. ఆ వెంటనే, చిట్టెమ్మకు నిద్దరొస్తోందని వెక్కిరించింది.

చిట్టెమ్మ మా అమ్మ పేరు.

వెనక్కి చూస్తే అమ్మ గుమ్మం పట్టుకుని నిలబడి ఉంది.

"మా అక్క రా అది," అంది.

రాజమ్మ పెద్దమ్మ నేను బడికి పోయే రోజుల్లోనే పోయింది. పాట ఎత్తుకోవడంలో ఆమెకు పెద్ద పేరట. కానీ కూలికి పోయే మనిషి గొంతును రికార్డు చేసేదెవరు? ఆమె ఫోటో కూడా మా దగ్గర లేదు.

పాట సాగుతోంది. దెబ్బలు ఒకే తీరున పడుతున్నాయి. ఉన్నట్టుండి ఒక దెబ్బ డొల్లగా పడింది, కింద ఏమీ లేనట్టు. పాట మాట మధ్యలోనే తెగిపోయింది. ఆ తర్వాత ముల్లు గరగర తప్ప ఇంకేమీ లేదు.

అమ్మ వచ్చి నేల మీద కూర్చుంది. "ఆ మేడ మేం కొట్టిందే. ఆ పొద్దు పాట యాడా నిలిచిపోలేదు రా. ఇప్పుడెందుకు నిలిచిపాయ?" అని, నా వైపు చూసి అడిగింది. "ఆడ ఎవురుండారు ఇప్పుడు?"

పాట ఎత్తుకునే మనిషి చెవి ఎప్పుడూ దెబ్బ మీదే ఉంటుందట. దెబ్బలో తేడా వినబడితే ఆమె పాట ఆపేస్తుంది. పాట ఆగితే చెక్కలు అక్కడే వదిలేసి అందరూ దిగిపోవాలి. ఎందుకని అడగకూడదు. అడుగుతూ కూర్చున్నవాళ్లు కప్పుతోపాటే కిందికి వస్తారని వాళ్ల భయం.

మునిరత్నం అన్నకు ఫోన్ చేశాను. లారీ వచ్చేసిందని, ఇప్పుడే తట్టలు ఎత్తుతున్నారని చెప్పాడు. ఆపమన్నాను. ఆయనకు కోపం వచ్చింది. "నల్ల నాళు, మంచి దినము చూసి మొదులుపెట్టినాము, మధ్యలో ఆపమంటే ఎట్ల?" అన్నాడు. కారణం అడిగాడు. రికార్డు చెప్పిందని ఎలా చెప్పను? అమ్మ ఫోన్ లాక్కుంది.

"నాయనా, మండీ మేడ మీద పాట నిలిచిపాయ. అందురూ బయటికి రాండి."

ఆయన తల్లి కూడా ఆ వరసలో కూర్చుని కొట్టిన మనిషేనని నాకు అప్పటిదాకా తెలియదు. "సరేమ్మా," అన్నాడు. ఇంకేమీ అడగలేదు.

బండి తీసుకుని బయలుదేరాను. విరించిపురం దాటుతుంటే, అక్కడ ఏమీ లేకపోతే నలుగురిలో నా పరువేం కావాలని ఒక భయం. ఏదైనా ఉంటేనో అని ఇంకో భయం. నేను వెళ్లేసరికి ఇటుకలన్నీ వీధిలోనే ఉన్నాయి. మా మనుషులు టీ తాగుతూ నన్ను వింతగా చూశారు.

దూలాలకు కింద ఆపుగా గుంజలు పెట్టించి, దూలం గోడలోకి పోయే చోట సున్నం చెక్కించాను. లోపల కొయ్య లేదు. చెదలు తిన్న పొడి నా చేతి మీదికి జలజలా రాలింది. పక్క దూలమూ అంతే. నేను తట్టి చూసింది నడిమి భాగమే, అక్కడ గట్టిగానే ఉంది. కొసలు పోయినా ఆ కప్పు అన్నాళ్లూ నిలిచిందంటే, అది మా అమ్మవాళ్లు కొట్టిన సున్నం చలవ. ఇటుకల బరువు పడి ఉంటే మా మనుషులు, కింద అంగట్లో అన్న ఏమయ్యేవాళ్లో.

తర్వాత ఆ రికార్డును వేలూరు మెకానిక్ చేత పరీక్ష చేయించాను. భూతద్దం పెట్టి చూశాడు. చివరి పాట తర్వాత ఏమీ లేదన్నాడు. భ్రమ అనుకుందామంటే, ఆ మధ్యాహ్నం పెరట్లో బట్టలుతుకుతున్న మా ఆవిడ, పక్కింట్లో ఎవరో ఏదో దంచుతున్నారనుకుందట. నేను ఎన్ని విధాల ఆలోచించినా దీనికి లెక్క కుదరలేదు.

మునిరత్నం అన్న అంగడి ఇప్పుడు వేరే వీధిలో ఉంది. రికార్డు మా ఇంట్లో ఉంది. అప్పుడప్పుడూ అమ్మే దాన్ని పెట్టమని అడుగుతుంది. సినిమా పాటలైపోయాక చెవి దగ్గరగా పెట్టి, అరచేత్తో నేల మీద మెల్లగా దెబ్బ వేస్తూ కూర్చుంటుంది. గరగర తప్ప ఏమీ రాదు. ఒకసారి, బాధగా లేదా అమ్మా అని అడిగాను.

"పాడలేదంటే మంచిదే కదరా. ఎవురూ దిగే పని లేదని," అంది.

అయినా నేను ముల్లు ఎత్తేదాకా అక్కడినుంచి లేవదు.