గుడ్డ కప్పిన కుండ

మా ఇంట్లో ఏడాదికోసారి ఒక తగువు జరుగుతుంది. ఆరోగ్య బీమా ప్రీమియం కట్టే రోజు అది. మళ్ళీ పెంచేశారని మా అల్లుడు లబోదిబోమంటాడు. అసలు వైద్యమన్నది ప్రభుత్వమే అందరికీ ఊరికే చెయ్యాలని మా అమ్మాయి అంటుంది. ఊరికే అంటే ఎవడి సొమ్మని అతనూ, జబ్బు చేసినవాడు కట్టలేకపోతే చచ్చిపోవాలా అని ఇదీ. అన్నం చల్లారిపోతున్నా వాదన చల్లారదు. నేను మధ్యలో నోరు పెట్టను. పెట్టానంటే మా పేటలో బియ్యం కుండ దగ్గర మొదలెడతానని వాళ్ళకి తెలుసు. "అమ్మా, ఆ కుండ కథ వద్దు" అని ముందే అనేస్తారు. అందుకే ఇలా రాసుకుంటున్నాను. వద్దనడానికి కాగితానికి నోరు లేదు కదా.

మాది రాజోలు దగ్గర కాలవ గట్టు మీద పేట. ఇది డెబ్బైల నాటి మాట. మగవాళ్ళు కొబ్బరి దింపులకీ, ఆడవాళ్ళు ఊడ్పులకీ కోతలకీ వెళ్ళేవారు. పేట మధ్యలో పెంకుటి చర్చి, దాని పక్కన ఒక గది. ఆ గదిలో నర్సమ్మ గారు ఉండేవారు. మిషనాసుపత్రిలో చాలా ఏళ్ళు పనిచేసి, మానేశాక, వెనకా ముందూ ఎవరూ లేక మా పేటకి వచ్చి స్థిరపడిన మనిషి. నల్ల గొడుగు వేసుకుని గట్టు మీద నడిచి వస్తుంటే ఆవిడ కన్నా ముందు స్పిరిటు వాసన వచ్చేది. పిల్లలం ఆ వాసనకే చెట్ల చాటుకి పారిపోయేవాళ్ళం. జ్వరాలు, విరోచనాలు, పురుళ్ళు, తెగిన వేళ్ళు అన్నీ ఆవిడే చూసేవారు. తన వల్ల కాదనుకుంటే మొహమాటం లేకుండా చెప్పి, మనతోపాటు బయల్దేరి అమలాపురం ఆసుపత్రికి తీసుకెళ్ళేవారు.

ఆవిడకి జీతం లేదు. పేటలో ఆడవాళ్ళు గుప్పెడు బియ్యంతో ఆవిడని నిలబెట్టారు. పొయ్యి వెలిగించినప్పుడల్లా, ఎసట్లోకి కొలుచుకున్న బియ్యంలోంచి ఒక గుప్పెడు తీసి చిన్న ముంతలో వెయ్యాలి. ఆదివారం ఆ ముంతలోది రుమాల్లో మూటగట్టుకుని చర్చికి తెచ్చి పెద్ద కుండలో పొయ్యాలి. అందులో కొంత నర్సమ్మ గారి తిండికి, మిగిలింది అమ్మి మందులకి. గుప్పెడు వేసిందెవరు, వెయ్యనిదెవరు అని చూడకుండా అందరికీ ఒకటే సూది, ఒకటే తిట్టు. కాలవ అవతల వీధి వాళ్ళు మా చర్చికి వచ్చేవాళ్ళు కాకపోయినా, ఉన్నట్టుండి పురిటి నొప్పులొస్తే ఆవిడ గొడుగు అటూ వెళ్ళేది. వాళ్ళు కొబ్బరికాయలు పంపేవారు.

ఆ కుండకి కాపలా మా మామ్మ, అంటే నాన్న తల్లి. పేటలోనే విడిగా ఉండేది. మామ్మ ఆ కుండ మీద ఒక పాత దుప్పటి ముక్క కప్పి ఉంచేది. ఆడవాళ్ళు రుమాలు పిడికిట్లో పట్టుకుని ఆ గుడ్డ కిందకి మోచేతి దాకా చెయ్యి పెట్టి బియ్యం వదిలి తీసేవారు. గుడ్డ ఎందుకే అని నేనడిగితే పిచికలు వాలతాయని చెప్పేది. ఆ వయసులో నేను కుండ పక్కనే కూచునేదాన్ని కాబట్టి నాకు కనబడేది. కొన్ని చేతులు మూటతో లోపలికెళ్ళి ఖాళీగా వచ్చేవి. కొన్ని ఖాళీగా వెళ్ళి ఖాళీగానే వచ్చేవి. ఒకటి రెండు చేతులు మాత్రం ఖాళీగా వెళ్ళి, పిడికిలి బిగించుకుని వచ్చి పైట కిందకి వెళ్ళిపోయేవి. ఆ వేళప్పుడు మామ్మ పైకప్పు పెంకులు లెక్కపెట్టేది. పేటలో ఆడవాళ్ళందరికీ ఈ సంగతి తెలుసు. మగవాళ్ళకే తెలీదు. వాళ్ళకి తెలీనివి చాలా ఉండేవి లెండి.

మా నాన్న దింపు తీసేవాడు. ఒకేడు వర్షాల్లో తడిసిన చెట్టు మీంచి జారి పడ్డాడు. తొడ ఎముక విరిగింది. అమలాపురంలో కట్టు కట్టి పంపారు. ఆ తర్వాత నెలల తరబడి, కాలి మీద మానని పుండుని నర్సమ్మ గారే వచ్చి చూసేవారు. ఎక్కే మనిషి మంచం ఎక్కాక ఇంటికి కూలి ఎక్కడిది? అమ్మ అప్పటికి కడుపుతో ఉంది. నడుం వంగినన్నాళ్ళు ఊడ్పులకి వెళ్ళి, ఇక వంగక మానేసింది.

మా పెదనాన్న పంచాయతీ సమితి ఆఫీసులో గుమాస్తా. రాజోల్లో కాపురం. ఆదివారాలు పేటకొచ్చి తమ్ముణ్ణి చూసి వెళ్ళేవాడు. వచ్చినప్పుడల్లా ఏదో ఒకటి తెచ్చేవాడు. కానీ మా అమ్మ సంగతి వేరు. ఎవరైనా గిన్నెలో కూర పంపితే ఆ గిన్నె ఖాళీగా తిరిగి పంపడం ఆవిడ ఒంట్లో లేదు. ఏమీ లేకపోతే పెరట్లో మునగాకైనా దూసి అందులో వేసి పంపేది. పెదనాన్న బియ్యం సంగతి అడిగితే, "మాకేం తక్కువండి బావగారూ, ఉన్నాయండి" అనేది. ఆయన నమ్మేసేవాడు. ఆఫీసు మనిషి, చెప్పిన మాట నమ్మకపోతే ఆయనకి పని జరగదు.

ఆ రోజుల్లోనే నర్సమ్మ గారి దగ్గర మందులు నిండుకున్నాయి. నాన్న పుండుకి రాసే మందు కూడా పొదుపుగా వాడుతున్నారని పెదనాన్న కనిపెట్టాడు. కుండలో ఇన్ని ఇళ్ళ బియ్యం ఉండాల్సినంత లేదని ఆయన అనుమానం. ఆరాధన అయ్యాక మా ఇంటి వసారాలో నాన్న మంచం పక్కన కూచుని పెద్ద ఉపన్యాసమే ఇచ్చాడు. ఆఫీసులో ఇన్సూరెన్సు ఏజెంటు చెప్పిన మాటలన్నీ అందులో దింపాడు. జీవితానికి బీమా ఉన్నట్టే ఇది మన ఒంటికి బీమా. కట్టినవాడికే హక్కు. కట్టనివాడు పట్నంలో ప్రైవేటు డాక్టరు దగ్గరికెళ్ళి ఫీజిచ్చుకుంటాడు, లేదా సర్కారు ఆసుపత్రిలో వరసలో నిలబడతాడు. అలా కాకపోతే రేపు కుండా ఉండదు, నర్సమ్మ గారూ ఉండరు. నాన్న మంచంలోంచే, అసలు ఇదంతా సర్కారు చూసుకోవాల్సిన పని, ప్రతి పేటకీ ఒక నర్సునిచ్చి జీతం ఇస్తే ఈ గోలే ఉండదన్నాడు. సర్కారు వచ్చేదాకా పుండు ఆగుతుందా అన్నాడు పెదనాన్న. ఇప్పుడు మా భోజనాల బల్ల దగ్గర జరిగే తగువు అప్పుడే మా వసారాలో జరిగిపోయింది. కొత్త మాట ఒక్కటీ లేదు.

మామ్మ అంతా విని ఒక్కటే అడిగింది. "జబ్బేమన్నా నీ లెక్క చూసుకుని వత్తాదేంట్రా?"

లెక్కంటే లెక్కే అన్నాడు పెదనాన్న. పైవారం పాలపొడి డబ్బాలు పోగేసి తెచ్చాడు. ఒక్కో దానిమీద ఎర్ర రంగుతో ఇంటి నంబరు వేయించాడు. కుండ అటకెక్కింది. ఇళ్ళ దగ్గర నింపుకొచ్చిన డబ్బాలు ప్రతి ఆదివారం చర్చి గోడ వారన బల్ల మీద మూతలు లేకుండా వరసగా నిలబడేవి. ఎవరింటి డబ్బాలో ఎంతుందో పాట పాడుతూ కూడా చూసుకోవచ్చు. పెదనాన్న చెడ్డవాడని అనుకోకండి. ఆ కుండ నిండుగా ఉండాలనుకున్నది తమ్ముడి కాలు గురించే. మంచితనానికి కూడా ఒక్కోసారి కళ్ళజోడు కావాలి.

మా ఇంట్లో ముంత అడుగంటింది. అమ్మ పొయ్యిలోకి తెచ్చుకున్న ఊకలోంచి నాలుగు దోసిళ్ళు తీసి డబ్బాలో పోసి, పైన ఒక పొర బియ్యం పరిచింది. నేను పక్కనే కూచుని చూశాను. ఎందుకే అంటే నోర్మూసుకోమంది. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని ఆవిడ భయం. ఆ డబ్బాలు సాయంత్రం మామ్మే తీసుకెళ్ళి నర్సమ్మ గారి గది వెనక చాటలో పోసి చెరిగేది. మా డబ్బాలో ఏముందో ఆవిడకి మొదటి వారమే తెలిసిపోయి ఉంటుంది. ఎవరికీ చెప్పలేదు, అమ్మకి కూడా.

ఒక ఆదివారం మామ్మకి జ్వరమొచ్చి రాలేదు. ఆ పని తను చేస్తానని పెదనాన్న ఉత్సాహంగా చొక్కా చేతులు మడిచి, అందరి ముందూ ఒక్కో డబ్బా బస్తాలోకి బోర్లించాడు. మా డబ్బా వంతు వచ్చింది. ఊక లేచి ఆయన మొహం మీదా, మీసం మీదా పడింది. ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. ఆయన నంబరు చూశాడు. అమ్మ వైపు చూడకుండా, "ఎలకలండీ, ఎలకలు కొట్టేసినట్టున్నాయి" అన్నాడు. ఎలకలు బియ్యం తిని ఊక పెట్టి వెళ్తాయా? అమ్మ నా చెయ్యి పట్టుకుని లేచి బయటికొచ్చేసింది.

ఆ తర్వాత అమ్మ చర్చికి వెళ్ళడం మానేసింది. కడుపుతో ఉన్నవాళ్ళు వారం మధ్యలో ఒక మధ్యాహ్నం నర్సమ్మ గారి గదికి వెళ్ళి చూపించుకునేవారు. అమ్మ అదీ మానేసింది. నాన్న అప్పటికి కర్ర పట్టుకుని నడుస్తున్నాడు కాబట్టి ఆవిడ మా ఇంటికి రావడం తగ్గింది. వాకిట్లోంచి కేకేసి ఎలా ఉన్నావమ్మా అంటే, అమ్మ తలుపు చాటునుంచే బాగానే ఉన్నానండీ అనేది. బాగా లేదు. కాళ్ళు బూరెల్లా పొంగాయి. తల పగిలిపోతోందని గుడ్డ కట్టుకునేది. కళ్ళ ముందు మిణుగురులు ఎగురుతున్నాయని పట్టపగలు నాతో అంది. అమ్మ ఏమైపోతుందోనని నాకు ఆ రోజుల్లో అన్నం సయించేది కాదు. నర్సమ్మ గారిని పిలుద్దామని నాన్న అంటే అమ్మది ఒకటే జవాబు. "మన డబ్బాలో ఊకండి. ఏ మొకం ఎట్టుకుని పిలవనండి?"

జ్వరం తగ్గి మామ్మ మా ఇంటికి వచ్చింది. అమ్మ పీట మీద కూచుని ఉంది. మామ్మ వంగి అమ్మ పిక్క మీద బొటనవేలు నొక్కింది. వేలు తీసినా గుంట అలాగే ఉండిపోయింది. ఎంత వడిగా బయటికి నడిచిందో, చెప్పులు మా గుమ్మంలోనే వదిలేసి వెళ్ళింది. నర్సమ్మ గారు వచ్చారు. రక్తపోటు చూశారు. అమ్మ ఏదో డబ్బా సంగతి గొణగబోయింది.

"నీ డబ్బాతో నాకేం పని అమ్మాయ్" అన్నారావిడ. "నేను మందిచ్చేది మనిషికి. డబ్బాకి కాదు."

వెంటనే అమలాపురం తీసుకెళ్ళాలన్నారు. కబురందిన పెదనాన్న ఆఫీసులో సంతకం కూడా పెట్టకుండా కారు మాట్లాడుకుని వచ్చాడు. వైనతేయ గోదారి పాయని పంటు పడవ మీద దాటుతుంటే ఆయన అమ్మ పక్కన నిలబడి, ఆ డబ్బా తను అలా బోర్లించి ఉండకూడదన్నాడట. ఊక పోసింది నేనే కదండీ అందట అమ్మ. నర్సమ్మ గారు ఇద్దర్నీ కసిరి నోళ్ళు మూయించారట. ఈ సంగతులు అమ్మ చాలా ఏళ్ళకి చెప్పింది. ఆసుపత్రిలో మంచి డాక్టరమ్మే దొరికింది. తమ్ముడు పుట్టాడు, పిడికెడంత. ఇద్దరూ బతికారు. ఇంకో రెండ్రోజులు ఆలస్యమైతే ఇద్దరూ ఉండేవాళ్ళు కాదని చెప్పారట.

పెదనాన్న డబ్బాలన్నీ రిక్షాలో వేసుకుని రాజోలు పట్టుకుపోయాడు. వాటిల్లో చామంతి మొక్కలు వేశాడు. ఎర్ర నంబర్లతో ఆయన వాకిట్లో వరసగా పూసేవి. అయినా వాదన మాత్రం వదల్లేదు. కుండ మళ్ళీ దిగిన రోజున మామ్మని పట్టుకుని, "మరి తక్కువైతే మందులెలాగే అమ్మా?" అన్నాడు.

"తక్కువైతే అందరికీ తక్కువవుద్ది. ఒక్కళ్ళకే లేకుండా పోదు కదరా" అంది మామ్మ.

అది పూర్తి జవాబు కాదని నాకూ తెలుసు. గుప్పెడు బియ్యంతో గుండె ఆపరేషన్ అవదు. ఎనభైలు వచ్చేసరికి నర్సమ్మ గారు పెద్దవారైపోయారు. పేటలోంచి గల్ఫు వెళ్ళినవాళ్ళు డబ్బు పంపడం మొదలెట్టారు. పట్నంలో నర్సింగ్ హోములు వచ్చాయి, వాటికి వెళ్ళడం గౌరవమైంది. కుండ ఎప్పుడు ఆగిపోయిందో ఎవరికీ గుర్తు లేదు. ఆ స్పిరిటు వాసన కోసం, ఆ తిట్ల కోసం నాకు ఇప్పటికీ ప్రాణం లాగుతుంది.

కానీ నాకు బాగా గుర్తున్నది కుండ మళ్ళీ వచ్చిన ఆ ఆదివారమే. అమ్మ తమ్ముణ్ణి భుజాన వేసుకుని వచ్చింది. వరసలో ఆవిడ వెనక నేను. అమ్మ చేతిలో రుమాలు లేదు. ఖాళీ గిన్నె తిరిగి పంపని మనిషి, వంగి, గుడ్డ కిందకి మోచేతి దాకా చెయ్యి పెట్టింది. చాలాసేపు తియ్యలేదు. తీసినప్పుడు పిడికిలి బిగించి ఉంది. అది పైట కిందకి వెళ్ళింది. మామ్మ పెంకుల వైపు చూస్తోంది.

ఇంటికొచ్చాక అమ్మ ఆ బియ్యం చాటలో పోసి రాళ్ళేరింది. గంజికైనా సరిపోతాయో లేదో. ఎసట్లో పోసే ముందు అందులోంచి ఇంత తీసి ముంతలో వేసింది.

"అవి ఆ కుండలోవే కదే" అన్నాను.

"అయితే? ఇయ్యేళ వండేది మనం కదా" అంది. మిగిలిన బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టింది.