రెండో ప్రాసెసర్ ఆఫ్‌లో ఉంది

ఈ మధ్యాహ్నం పోర్టులో క్రేన్‌కి మా కొత్త రెండు ప్రాసెసర్ల కంట్రోలర్ బిగించాం. బరువు ఎత్తబోయే ముందు, మా టీమ్‌లోని అప్పలనాయుడు బావ ఖాళీ హుక్కు దించుతూ స్టాప్ నొక్కి చూశాడు. హుక్కు వెంటనే ఆగలేదు. ఇంకో మనిషెత్తు జారాక ఆగింది.

"ఏటి బావా, ఇలా సేత్తంది?" అని అడిగాను.

"రెండో ప్రాసెసర్ పని సేత్తన్నట్టు లేదు. బిల్డ్ సూడు."

నిజమే. కంట్రోలర్ ప్రోగ్రామ్‌ని తయారు చేసే బిల్డ్ సెట్టింగుల్లో అది ఆఫ్‌లో ఉంది. పనంతా ఒక్కదాని మీదే పడి స్టాప్ సిగ్నల్ వెనకబడింది.

"ఓడ ఆగిపోయింది, ముందు ఎత్తండి!" అని పోర్టు మేనేజరు అరిచాడు.

"కింద మనుషులున్నారు సార్, ఎత్తను" అని బావ క్రేన్ తాళం జేబులో వేసుకున్నాడు.

రెండో ప్రాసెసర్‌ని ఆన్ చేసి, మళ్లీ బిల్డ్ చేసి కంట్రోలర్‌లోకి ఎక్కించాం. ఈసారి నొక్కగానే హుక్కు టక్కున ఆగింది.

మేనేజరు నెత్తిమీద నిలబడి ఉండగా బిల్డ్ అయ్యేదాకా ఎదురుచూసినవాళ్లు మీలో ఎవరైనా ఉన్నారా?