అవ్వ తిట్లకు తర్జుమా

నేను ఏడో తరగతిల బడి బంద్ చేసిన. బడే నన్ను బంద్ చేసిందని మా అక్క అంటది, ఆ పంచాయితీ ఇంక తెగలే. బోధన్ బస్టాండు కాడ బైకుల సీట్లు కుట్టుకొని బతికేటోన్ని. అసుంటి నాకు పోయిన చలికాలం మా అక్క బిడ్డ ఫోన్ చేసి, "మామా, కాలేజీకి వ్యాసం రాసిన, వచ్చి జర విను" అన్నది. నా దగ్గరికి చినిగిన సీట్లొస్తయి గని వ్యాసాలెప్పుడూ రాలే. సంబురంగ షట్టర్ దించి ఎడపల్లికి ఉరికిన.

సంగతేందంటే, బెంగుళూరుల ఒక కాలేజీ ఉన్నది. వాళ్లకు మార్కులు చాలవంట. నువ్వెవరో ఐదొందల మాటలల్ల చెప్పు అంటరు. చెప్పింది నచ్చితే సీటు, ఫీజు మాఫీ. నచ్చకుంటే ఆ ఊరి దిక్కు సూసుడు గూడ మన వశం గాదు. పిల్ల పానమంతా దాని మీదనే ఉన్నది. ఆ సాయంత్రమే ఆఖరు గడువు.

ఇంగ్లీషుల రాసింది తెలుగుల చెప్పుకుంట చదివింది.

"మా ముత్తాత సర్పంచికి పోటీ చేసిండు..."

"గెలిచిండా?" అన్న.

"ఓడిండు."

"పోటీ అయితే చేసిండు గదా!" మంచం మీదికెళ్లి మా బావ గర్జించిండు.

అప్పుడు సమజైంది. వ్యాసమంటే ఏందో మా ఇంట్ల ఎవలకు తెల్వదు గని పెండ్లి పత్రిక అందరికీ తెలుసు. పత్రికల పేరు లేకుంటే మావోళ్లు పెండ్లికే రారు. అందుకే పిల్ల రాయ కూసున్నదనంగనే ఒక్కొక్కలు వచ్చి ఎక్కిన్రు. పెద్దబాపు పసుపు పంట ఎక్కింది. మా అక్క ఉపాసాలు ఎక్కినయి. నిజామాబాద్ కోచింగ్‌కు బండి మీద దింపినందుకు చిన్నమ్మ మొగడు బండితో సహా ఎక్కిండు. బస్సు నిండింది, ఎక్కాల్సిన పిల్ల మాత్రం కిందనే నిలవడ్డది.

"కింద 'బంధుమిత్రుల అభినందనలతో' అని ఒక్కటేస్తే అచ్చుకియ్యొచ్చు" అన్న.

పిల్ల కండ్లల్ల నీళ్లు తిరిగినయి. "నవ్వకు మామా. నా గురించి రాయనీకి ఏమున్నది? నేనేం చేసిన గని?"

మూలకు బీడీలు చుట్టుకుంట అవ్వ అందుకున్నది. నన్ను కన్నది ఆమెనే, పిల్లకు అమ్మమ్మ. ఇద్దరం అవ్వా అనే పిలుస్తం. "అండ్ల నేనున్ననా?"

"లేవు అవ్వా."

"మంచిది. రేపటి సంది నీకు చాయ్ లేదు."

"నిన్నెక్కిస్తే కాలేజోళ్లు పారిపోతరే అవ్వా" అన్న. "చిక్కుడు తీగ తిన్న ఎడ్లు యాదికున్నయా?"

పిల్ల ఫక్కున నవ్వి నోరు మూసుకున్నది.

అది పిల్ల ఎనిమిదో తరగతి సదివేటప్పటి ముచ్చట. చెరుకు కోతకు మరాఠోళ్ల గుంపు దిగింది. ఏటా వాళ్ల పిల్లలతోని ఆడి ఆడి మా పిల్లకు మరాఠీ వస్తది. ఆ గుంపు పెద్దమనిషి ఎడ్లు అవ్వ చిక్కుడు తీగను నున్నగ నాకినయి.

"నీ ఎడ్ల కడుపు కాల! నీ మీసాలకు నిప్పు పెట్ట!" అని అవ్వ ఎగిరింది.

ఏమంటుందని ఆయన అడిగితే పిల్ల మరాఠీల చెప్పింది: "ఎడ్లు పాపం ఆకలిమీదున్నయా అని అడుగుతుంది. మీ మీసాలు మంచిగున్నయంట."

అంతకుముందే ఆయన "ఈ ముసల్దాన్ని లోపటికి తోలుండ్రి" అని ఒర్రిండు. అది అవ్వకు, "అమ్మా, ఎండల నిలవడకుండ్రి, లోపటికి పోండ్రి అంటుండవ్వా" అయింది. నాకు బస్టాండు మరాఠీ వస్తది గదా, గోడకానుకొని కడుపు పట్టుకున్న. మాపటికి వాళ్లకాడికెళ్లి జొన్నరొట్టెలు, పల్లికారం వచ్చినయి. ఇటుకెళ్లి పెరుగు పోయింది.

గిదంత చెప్పేసరికి అవ్వ ఒళ్లోని బీడీల చాట దబ్బున కింద పెట్టింది.

"ఏందీ? నేను వాని మీసాలు మంచిగున్నయన్ననా? గందుకేనా వాడు కోత అయ్యేదాంక రోజూ నూనె పెట్టి దువ్వుకొని వచ్చింది!"

ఇల్లంత నవ్వుడే. బావ మంచం మీదికెళ్లి జారిండు. పిల్ల నవ్వీ నవ్వీ కండ్లు తుడుచుకొని, "మామా, గిది రాయొచ్చా?" అన్నది.

"ఇంకేం రాస్తవే మరి? గిది చేసింది నువ్వు గాదా?"

రాసింది. రాస్తుంటే బస్సుల ఎక్కినోళ్లందరు ఒక్కొక్కలే దిగిన్రు. బావ ఆఖరుదాంక ముత్తాత చెయ్యి ఇడువలే. అవ్వది మాత్రం ఒక్కటే షరతు: "నేను తిట్టింది తిట్టినట్టు రాయి. ఆడ మల్ల తియ్యగ చేసినవనుకో, నీ సంగతి జెప్త."

పొద్దు గూకకముందే పంపింది. మల్ల ఎండలు ముదిరేదాంక ఇంట్ల ఎవల ఫోన్ మోగినా అందరు ఉలిక్కిపడుడే.

ఒకనాడు నేను అక్కడున్నప్పుడే వచ్చింది జవాబు. పిల్ల అరిచిన అరుపుకు పక్కింటి కోళ్లు ఎగిరినయి. సీటు! ఫీజు మాఫీ! అక్క ఏడుస్తుంది, బావ ముత్తాత ఫొటోకు దండం పెడుతుండు, నేను వాకిట్ల ఉత్తగనే గిరగిర తిరుగుతున్న.

"ఇంకేం రాసిన్రు?" అవ్వ అడిగింది.

"చదివి మస్తు నవ్విన్రంట అవ్వా. నిన్ను సూడాలనున్నదంట."

అవ్వ కండ్లు చిన్నగ చేసి పిల్లను పైకెళ్లి కిందిదాంక సూసింది. "నిజంగ అన్నరా? నువ్వు తర్జుమా చేస్తున్నవా?"

పిల్ల కిలకిల నవ్వుకుంట ఫోన్ నా దిక్కు తిప్పింది. నాకా ఇంగ్లీషు రాదు. ఆడికెళ్లి ఈడిదాంక వేలు పెట్టి సదివినట్టు చేసి, "అచ్చం గట్లనే ఉన్నది అవ్వా" అన్న.