వడమాలపేట మామిడితోటలో ఆగిపోయిన పొక్లెయిన్

తిరుపతిలో రేణిగుంట వైపు పోయే రోడ్డు మీద నాకొక చిన్న షెడ్డు ఉంది. పొక్లెయిన్లు మొరాయిస్తే వాటికి ల్యాప్‌టాప్ తగిలించి, అవి చూపించే ఫాల్ట్ కోడ్‌లు చదివి, రోగం ఎక్కడుందో చెప్పడం నా పని. పాత రోజుల్లో మెకానిక్కులు ఇంజిన్ శబ్దం విని చెప్పేవాళ్లు. ఇప్పటి బండ్లలో పొగగొట్టానికి కూడా ఒక కంప్యూటర్ కాపలా ఉంటుంది.

ఒక ఏడాది, మామిడి కోతలు అయిపోయి వానలు ఇంకా పట్టుకోని రోజుల్లో, వడమాలపేట దగ్గరి నుంచి ఒకాయన ఫోన్ చేశాడు.

"బండి గుంజడం లేదప్పా. పసుపు లైటు ఎలిగింది. యాక్సిలేటరు ఎంత ఇచ్చినా ఇంజిను పైకి లేయడం లేదు. కుంట సగంలో ఉండాది."

వెళ్లేసరికి వేరే ఒకాయన మామిడితోట చివర సగం తవ్విన నీటికుంటలో పొక్లెయిన్ నిలబడి ఉంది. ఫోన్ చేసినాయనకు యాభై దాటి ఉంటాయి. వయసులో ఉన్నప్పటి నుంచీ ఇతరుల బండ్ల మీదే ఆపరేటరుగా పనిచేశాడట. హోసూరులో, చెన్నైలో, కొన్నాళ్లు గల్ఫులో. ఈ బండి మాత్రం తనది. విదేశాల్లో వాడేసి దిగుమతి చేసిన పాత బండ్లను తడ అవతల ఒక యార్డులో అమ్ముతుంటే అక్కడ కొన్నాడు. ఉన్న కాస్త పొలం అమ్మి కొన్నాడని ఆయన భార్య చెప్పింది. ఆమె రోజూ అన్నం క్యారియర్ పట్టుకుని బండి దగ్గరికి వచ్చేది. తోటగట్టు మీద కూర్చుని, ఆయన పని ఆపేదాకా లేచేది కాదు.

కేబుల్ తగిలించి చూశాను. డీపీఎఫ్ నిండిపోయిందని కోడ్. పొగగొట్టంలో తేనెపట్టులాంటి ఒక ఫిల్టరు ఉంటుంది. డీజిలు మసిని అది పట్టుకుంటుంది. ఇంజిన్ బాగా వేడెక్కినప్పుడు ఆ మసి దానంతట అదే కాలిపోవాలి. కాలకపోతే ఫిల్టరు పూడుకుపోయి ఇంజిన్‌కు ఊపిరి ఆడదు. అప్పుడు కంప్యూటరే పవర్ తగ్గించేస్తుంది.

"మసి పట్టింది, అంతే అన్నా. బలవంతంగా కాల్చేద్దాం," అన్నాను.

చుట్టూ ఉన్న ఎండుగడ్డి పీకించి, బండిని నిలబెట్టిన చోటే ఉంచి ఇంజిన్ వేగం పెంచి, ఫిల్టరు కాల్చే ఆదేశం ఇచ్చాను. సైలెన్సరు దగ్గర గాలి అలలుఅలలుగా కదిలింది. స్క్రీన్ మీద వేడి పెరుగుతూ పోయింది. చివరకు లైటు ఆరిపోయింది. ఆయన క్యాబిన్‌లోకి ఎక్కి బకెట్టును ఒకసారి గుండ్రంగా తిప్పి, కిందికి చూసి నవ్వాడు. భార్య కూడా లేచి నిలబడింది. ఆ సాయంత్రం వాళ్లు నాకు బుట్టెడు మామిడిపండ్లు ఇచ్చి పంపారు. చెట్టు మీద మిగిలిపోయిన చివరి కాయలు అవి, తోట యజమాని ఇస్తే వాళ్లు మాగబెట్టినవి.

వారం తిరక్కుండానే మళ్లీ అదే లైటు, అదే కోడ్.

ఈసారి ఫిల్టరు ఊడదీసి షెడ్డుకు తెచ్చాను. గాలి కొట్టిస్తే బూడిద కుప్పలుగా రాలింది. మసి అయితే కాలుతుంది, బూడిద కాలదు. ఇంజిన్ ఆయిల్ కాలితేనే అంత బూడిద వస్తుంది. ఆ సంగతి నాకు అప్పుడే గుచ్చుకుంది. కానీ ఫిల్టరు ఎంత నిండిందో కొలిచే ప్రెషర్ సెన్సారుకు పోయే రబ్బరు ట్యూబు చిట్లి ఉండటం కనబడింది. తప్పంతా దానిదే అయితే బాగుండునని నాకూ అనిపించింది. ట్యూబు మార్చి, ఫిల్టరు బిగించి, కోడ్ చెరిపేశాను. బండి మళ్లీ కదిలింది. ఆమె బకెట్టు పళ్లకు నిమ్మకాయలు కట్టింది.

మూడోసారి ఆయన ఫోన్ చేయలేదు. ఆమె చేసింది.

"తమ్ముడూ, మళ్లా ఎలిగింది. ఈయప్ప అన్నం తినడం లేదు. బండి దిగడం లేదు. ఒకసారి రా."

ఆరోజు ల్యాప్‌టాప్ తీయకముందే ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత వదులు చేశాను. మూత గిలగిలా ఎగిరింది. కింది నుంచి నీలం పొగ బుసలు కొడుతూ వచ్చింది. లోపల పిస్టన్ రింగులు, లైనర్లు అరిగిపోయాయి. ఆయిలు ఇంజిన్‌లోనే కాలి పొగగొట్టంలోకి పోతోంది. ఫిల్టరుకు ఏ రోగమూ లేదు. చచ్చిపోతున్న ఇంజిన్ కక్కేదాన్నంతా పట్టుకుని పట్టుకుని అది అలిసిపోయింది. ఎన్ని కోడ్‌లు చెరిపినా, ఎన్నిసార్లు కడిగినా అది మళ్లీ నిండుతూనే ఉంటుంది. ఆ మోడలుకు సామాన్లు ఇక్కడ దొరకవు. ఎక్కడి నుంచో తెప్పించి ఇంజిన్ విప్పి కట్టినా, ఆ ఖర్చుకు ఇలాంటిదే ఇంకో పాత బండి వస్తుంది.

ఆమె నన్ను పక్కకు పిలిచింది. ఆసుపత్రి వరండాలో డాక్టరును అడిగినట్టు అడిగింది.

"ఇది బాగయ్యేదా, కాదా?"

"కాదక్కా."

ఆమె కాసేపు గట్టు మీద మట్టిని కాలి బొటనవేలితో గీసింది. "ఆయనకి నువ్వే సెప్పు తమ్ముడూ. నేను సెప్తే నమ్మడు," అంది.

క్యాబిన్ మెట్టు మీద నిలబడి చెప్పాను. ఆయన లీవర్ల మీద చేతులు పెట్టుకునే విన్నాడు.

"ఆ ఫిల్టరు లోపల ఉండేదంతా పొడిచి తీసేస్తారంట కదప్పా. ఖాళీ డబ్బా పెట్టి కంప్యూటర్ని ఏమారిస్తే సరిపోతుందంట. మద్రాసులో సేస్తారని నాతో పని సేసిన పాత జోడీ సెప్పినాడు."

"చేస్తారన్నా. చేస్తే లైటు రాదు. కానీ అరిగిపోయిన ఇంజిన్ తిరిగి రాదు కదా. కొన్ని నెలల్లో ఏదో ఒకరోజు నడుస్తూ నడుస్తూనే పట్టేసి ఆగిపోతుంది. అందాకా తోట నిండా నల్లపొగ."

 ఆయన కాళ్ల దగ్గరున్న పెడళ్లు చూపించాడు. రబ్బరు పోయి ఇనుము తేలి నున్నగా మెరుస్తున్నాయి.

"కొనేనాడే సూసినానప్పా ఇవి. బండి నడిచిన గంటలు మీటరు తక్కువ సూపిస్తా ఉండాది, పెడళ్లేమో ఇట్ల ఉండాయి. యార్డు వాడు అబద్ధం సెప్తాడని తెలుసు. ఈ పని సేసేవాడికి తెలీకుండా ఉంటుందా? అయినా కొన్నా. ఇది గాకపోతే నా బతుకులో ఇంకోటి వచ్చేది లేదు."

భార్య కింద నిలబడి వింటోంది. ఆ మాట ఆమెకు అంతవరకు తెలియదని ఆమె ముఖం చూస్తే అర్థమైంది.  క్యారియర్ తీసుకుని వెనక్కి పోయి గట్టు మీద కూర్చుంది.

"ఒక్కసారి కోడ్ చెరిపేయప్పా," అన్నాడాయన. "తోటాయనకి మాట ఇచ్చినాను. కుంట ముగించేస్తా."

చెరిపేశాను. మధ్యాహ్నం దాకా మామూలుగా తవ్వాడు. తర్వాత మళ్లీ పవర్ తగ్గిపోయింది. ఆయన ఆపలేదు. నత్తనడకన, బకెట్టు సగమే నింపుకుంటూ, గట్లు వాలుగా చెక్కాడు. నేను ఎన్నో కుంటలు చూశాను గాని, అంత నున్నగా చెక్కిన గట్టు చూడలేదు. ఆ పనితనానికి తగ్గ బండి ఆయనకు ఎన్నడూ దక్కలేదు.

కొన్నాళ్లకు పాత ఇనుము వాళ్లు ట్రైలర్ తెచ్చారు. వాళ్ల మనిషి ఎక్కించబోతే ఆయన ఒప్పుకోలేదు. తనే నడిపి ట్రైలర్ మీదికి ఎక్కించి, బూమ్ చేతిని మడిచి, తాళం చెవి డ్రైవర్ చేతిలో పెట్టాడు. కిందికి దిగాక చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు నిలబడ్డాడు. తర్వాత భార్యాభర్తలిద్దరూ పుత్తూరు బస్సు కోసం రోడ్డు దాకా నడిచి వెళ్లారు. ఆమె ముందు, ఆయన వెనక.

వానలు వెలిశాక ఆమె మళ్లీ ఫోన్ చేసింది. "ఆపరేటరు కావాలని ఎవరన్నా అడిగినారా తమ్ముడూ? ఇంట్లో ఊరికే కూర్చోలేకుండా ఉండాడు," అంది. నాకు తెలిసిన కాంట్రాక్టర్లందరినీ అడిగాను. పని తెలిసినవాడే అన్నారు, వయసు అడిగారు, కొత్త బండ్లకు కుర్రవాళ్లే కావాలన్నారు. శ్రీహరికోట రోడ్డు పనుల్లో ఒకాయన మాత్రం చూద్దామన్నాడు, తర్వాత ఫోన్ ఎత్తలేదు.

ఆమెకు ఆ సంగతి చెప్పాను.  అటువైపు గదిలో టీవీ శబ్దం వినబడుతోంది.

"సరేలే తమ్ముడూ. నువ్వు మాత్రం ఏం సేస్తావు," అని ఫోన్ పెట్టేసింది.