సంతకం మింగిన ఫ్రేము

మా బావ పటాలు కడతాడు. పెళ్ళి ఫొటోలు, పోయినవాళ్ళ ఫొటోలు, పిల్లల సర్టిఫికెట్లు, ఏది తెచ్చిచ్చినా నాలుగు పట్టీలు కోసి, మూలలు కలిపి, అద్దం బిగించి, వెనక అట్ట కొట్టి చేతిలో పెడతాడు. అద్దాలు కోసేది మా అక్క. ముందు గదిలో కొట్టు, వెనక గదిలో కాపురం, మధ్యలో ఒక తెర. నేను ఆయన మరదల్ని. అదే వీధి చివర బట్టలు కుడతాను. కాబట్టి బావని ఆటపట్టించే హక్కూ ఉంది నాకు, తీరికా ఉంది.

ముందే చెప్పేస్తాను. మా బావ పనిమంతుడే, కానీ ఓర్వలేనివాడు. ఎదుటివాడు బాగుపడితే ఆ పూట ఆయనకి అన్నం సయించదు. ఎదురుగా సైకిళ్ళు బాగుచేసేవాడు కొట్టుకి కొత్తగా రంగు వేయించుకున్నాడు. అంతే, బావ స్టూలు ఇటు తిప్పేసుకుని వీధికి వీపు పెట్టి కూర్చున్నాడు.

"ఆ పసుపు చూస్తే కళ్ళు మండుతున్నాయే" అన్నాడు నాతో.

"పసుపుకి కాదు బావా, ఎదుటివాడి కొట్టు మెరిస్తే మండుతున్నాయి" అన్నాను. మూతి మూడు వంకరలు తిప్పి చిత్రిక పట్టుకోవడం మొదలుపెట్టాడు.

ఇవన్నీ చిన్న మంటలు. పెద్ద మంట మా తమ్ముడు. వాడు మొదట్లో దుకాణాలకి బోర్డులు రాసేవాడు. తర్వాత కాగితం మీద నీటిరంగులతో బొమ్మలు వేయడం పట్టుకున్నాడు. బావ వాడిని పేరుతో పిలవడు, రంగులోడు అంటాడు. వాడి బొమ్మలకి మొదట్నుంచీ ఫ్రేములు కట్టింది బావే. ఆ బొమ్మలు ఒక్కొక్కటే ప్రదర్శనల్లోకి ఎక్కాయి. జనం ఎగబడి చూశారు. చూసిన ప్రతివాడూ బొమ్మ బాగుందన్నాడు, రంగులు బాగున్నాయన్నాడు, మా తమ్ముడి భుజం తట్టాడు. పక్కనే నిలబడ్డ బావని మంచినీళ్ళు ఎక్కడుంటాయని అడిగాడు.

"గోడకెక్కింది నా ఫ్రేములో కాదుటే? నేను లేకపోతే ఆ కాగితం ఫ్యాను గాలికి ఎగిరిపోదూ? ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు ఫ్రేము బాగుందన్నాడా?" ఇదీ ఆయన గోల. ఆ ఒక్క మాట చెవిన పడితే చాలు, జన్మ ధన్యమైపోయినట్టే మాట్లాడేవాడు. ఆ మాట వింటాడో లేదోనని మాకూ బెంగగానే ఉండేది. ఎందుకంటే అది వినేదాకా ఇంట్లో ఎవరికీ మనశ్శాంతి ఉండదు.

అప్పట్నుంచే మొదలైంది మ్యూజియంల పిచ్చి. సెలవు రోజు వస్తే చాలు, బస్సెక్కడమే. రాష్ట్రంలో ఉన్న మ్యూజియంలు, గ్యాలరీలు ఒక్కటీ వదల్లేదు. అక్క కొట్టు చూసుకునేది, నేను తోడు వెళ్ళేదాన్ని. వీధిలో వాళ్ళు "మీ బావకి ఎంత కళాభిమానమండీ" అనేవాళ్ళు. నేను నవ్వాపుకునేదాన్ని. ఎందుకంటే ఆయన బొమ్మ చూస్తే ఒట్టు. గోడ పక్కనే పీతలా అడ్డంగా నడుస్తూ మూలలు చూసేవాడు. పట్టీలు కలిసే చోట గోరు పెట్టి, దూరితే సంబరపడేవాడు. "చూడవే, సందు. ఇందులో చీమలు కాపురం పెట్టచ్చు. దీన్ని తెచ్చి ఇక్కడ పెట్టారు" అనేవాడు. కాపలావాళ్ళు అరిచేవాళ్ళు. "ముట్టుకోకూడదని రాసుందిగా, కనబడటం లేదా?" అంటే, "నేను బొమ్మని ముట్టుకోలేదండీ, చెక్కని ముట్టుకున్నాను" అని వాదన వేసుకునేవాడు.

శిల్పాల మ్యూజియంకి వెళ్ళాం. రాయికి ఫ్రేముండదు కాబట్టి గబగబా నడిచి బయటికొచ్చేశాడు. ఇంకో ఊళ్ళో పాత నాణేలు, కత్తులు, దుమ్ము పట్టిన పులి బొమ్మ. అక్కడ అద్దాల పెట్టెల చెక్క అంచులు చూసి పెదవి విరిచాడు. ఒక పాత మేడని మ్యూజియంగా మార్చారు. అందులో నిలువెత్తు పటాలకి బంగారు పూత పూసిన చెక్కడం ఫ్రేములున్నాయి. మూలల్లో సందు లేదు. ఎంత వెతికినా లేదు. పూసిన పూత ఎక్కడా ఊడలేదు. అక్కడ బెంచీ మీద కూలబడ్డాడు.

"ఏమైంది బావా?"

"చచ్చి ఎన్నాళ్ళయిందో ఇది చెక్కినవాడు. ఇంకా నన్ను ఏడిపిస్తున్నాడు" అన్నాడు.

ఈయన ఏడుపు బతికున్నవాళ్ళ మీదే అనుకున్నాను ఇన్నాళ్ళూ. చచ్చినవాళ్ళని కూడా వదలడని ఆ రోజు తెలిసింది. తిరుగు బస్సులో కిటికీ వైపు మొహం పెట్టుకుని, వేలితో గాలిలో తీగలు, ఆకులు గీసుకుంటూ కూర్చున్నాడు.

ఇంకోసారి మా తమ్ముడి బొమ్మలున్న గ్యాలరీకి వెళ్ళినప్పుడు నన్ను మెత్తగా బతిమాలాడు. "నువ్వు కాస్త ముందుకెళ్ళి, నలుగురూ ఉన్నప్పుడు, అబ్బ ఫ్రేము ఎంత బాగుందో అనవే. గట్టిగా అను." నాకెందుకొచ్చిన తంటా అనుకుంటూనే వెళ్ళాను. అన్నాను కూడా. జనం నా వైపు తిరిగి చూసి, పాపం ఈవిడకి ఏదో అయిందన్నట్టు జరిగి, మళ్ళీ బొమ్మలోకే చూశారు. ఒకాయన మాత్రం "ఫ్రేమా? ఎక్కడ?" అని అడిగాడు. బావ ఆ రాత్రి భోజనం చేయలేదని అక్క నన్ను తిట్టింది.

ఇలా ఉండగా మా తమ్ముడు అక్క బొమ్మ వేశాడు. భోజనానికొచ్చిన రోజు ఓ మూల కూర్చుని పెన్సిల్‌తో గీసుకున్నాడట, తర్వాత తన గదిలో రంగులు వేశాడు. బొమ్మలో అక్క బల్ల ముందు కూర్చుని ఉంటుంది. తల కొంచెం వంచి, కింద పరిచిన అద్దం మీద రెండు చేతులూ ఆనించి. మొహంలో పెద్ద అందమేం లేదు, మాది అందాల వంశం కాదు. కానీ ఆ చేతులు! కోసిన గాట్లు, బొటనవేలి మీద పాత మచ్చ, అద్దాన్ని నొప్పించకుండా పట్టుకునే ఆ పట్టు, అన్నీ దించేశాడు. అక్క ఆ బొమ్మ చూసింది. చేతులు కొంగులో దాచుకుని, మళ్ళీ తీసి, బొమ్మ పక్కన పెట్టి చూసుకుంది. అంత సంతోషపడటం నేనెప్పుడూ చూడలేదు. కాగితం కింది అంచు దగ్గరిదాకా వచ్చిన ఆ చేతుల కిందనే, కుడి మూలలో మా తమ్ముడు సంతకం పెట్టాడు.

ఆ బొమ్మని పెద్ద ప్రభుత్వ గ్యాలరీ వాళ్ళు తీసుకున్నారు. నడి హాల్లో, ఎదుటి గోడకి పెడతామన్నారు.

"బావా, చుట్టూ తెల్ల అట్ట, సన్నటి నల్ల పట్టీ. అంతే చాలు" అన్నాడు తమ్ముడు.

"సన్నటి పట్టీయా?" అన్నాడు బావ. "అలాగేలేరా." ఆ అలాగే వింటేనే నాకు అనుమానం వచ్చింది.

మర్నాటి నుంచి కొట్లో మామూలు పనులన్నీ పక్కకి పోయాయి. మంచి టేకు తెప్పించాడు. జానెడు వెడల్పు పట్టీలు. వాటి నిండా తీగలు, ఆకులు, ఆకుల మధ్య పిట్టలు చెక్కాడు. ఉప్పుకాగితంతో రుద్ది రుద్ది చెంపకి ఆనించి చూసుకునేవాడు. పైన బంగారు రేకు అంటించాడు. అబద్ధం ఎందుకు, అంత మంచి ఫ్రేము నేను ఏ మ్యూజియంలోనూ చూడలేదు. ఆ మేడలో ఫ్రేములు చెక్కినవాడు లేచొచ్చినా తలవంచుకు పోవాల్సిందే. అక్క మాత్రం తెర పక్కన నిలబడి చూసి, "నా మొహం కంటే ఆకులే ఎక్కువుంటాయేమో" అని నవ్వింది. కొలత అడిగి, అద్దం కోసిచ్చి, వంటలోకి వెళ్ళిపోయింది.

ఫ్రేము లోపలి అంచున ఒక గాడి ఉంటుంది. బొమ్మ ఆ గాడిలో కూర్చుంటుంది, దాని అంచు చెక్క కింద కాస్త దాక్కుంటుంది. ఎక్కడైనా అరవేలు వెడల్పు మించదు. బావ ఈ ఫ్రేముకి మూడు వైపులా అరవేలే పెట్టాడు. కింద వైపు మాత్రం రెండు వేళ్ళ లోతు పెట్టాడు. తెల్ల అట్ట పెట్టలేదు. ఎందుకో తర్వాత ఆయనే ఒప్పుకున్నాడు కాబట్టి ఇక్కడే చెప్పేస్తాను. రంగులోడి సంతకం కనబడకూడదు. అంతే. పక్కన చీటీ మీద పేరు ఎలాగూ రాస్తారు, అది ఆపలేడు. కనీసం తన ఫ్రేములో వాడి పేరు ఉండకూడదు. బొమ్మని బోర్లా పెట్టి, ఆ ఒక్క మూలనే చూసుకుంటూ బిగించాడు. తర్వాత తిప్పి, సంతకం కనబడటం లేదని చూసుకుని, చెక్కడం మీద దుమ్ము దులిపి, గుడ్డ చుట్టేసి, మాకెవరికీ చూపించకుండా నేరుగా గ్యాలరీకి పంపించాడు. "గోడ మీదే చూడండి" అన్నాడు.

ప్రారంభం రోజు నేనూ బావా ముందే వెళ్ళాం. తమ్ముడు అప్పటికే అక్కడున్నాడు. హాల్లోకి అడుగు పెడుతూనే తెలిసిపోయింది, బావ పంట పండిందని. జనం ఆ గోడ దగ్గరే ఉన్నారు. ఒకావిడ కళ్ళజోడు సవరించుకుని, "ఏం చెక్కడం! ఆ పిట్ట ఈకలు చూడండి" అంటోంది. గ్యాలరీ అధికారి వచ్చి, "ఈ ఫ్రేము చేసినవారు ఎవరండీ?" అని అడిగాడు. మా తమ్ముడు బావని చూపించాడు. అధికారి బావకి చెయ్యి కలిపాడు. బావ ఆ చేతిని వదలడే! ఎన్నాళ్ళుగానో వినాలనుకున్న మాట ఒక్కసారి కాదు, అటు నుంచీ ఇటు నుంచీ వినిపిస్తుంటే మనిషి ఒక అంగుళం ఎత్తు పెరిగాడు.

తమ్ముడు గోడకి ఆనుకుని నిలబడ్డాడు. నేను దగ్గరికి వెళ్తే, "నా పేరు లోపల పడింది చిన్నక్కా" అన్నాడు మెల్లగా. వాడి మొహంలో కోపం లేదు. జనం ఫ్రేము చుట్టూ మూగుతుంటే చూస్తున్న చూపు మాత్రం నాకు బాగా తెలిసిన చూపే. అచ్చం బావ చూపు.

అక్క కొట్టు మూసి ఆలస్యంగా వచ్చింది. ఇస్త్రీ చీర కట్టుకుంది. జనాన్ని తప్పించుకుని బొమ్మ ముందుకి వెళ్ళింది. కాసేపు చూసింది. తర్వాత కొంచెం వంగింది. ఇంకా వంగి, ఫ్రేము కింది పట్టీ అంచుదాకా మొహం తీసుకెళ్ళింది. పక్కన ఒకాయన "అవునండీ, ఆ ఆకులు దగ్గర్నుంచే చూడాలి" అన్నాడు.

అక్క ఆయన మాట వినలేదు. మా వైపు తిరిగి, "నా చేతులేవిరా?" అంది.

బొమ్మలో అక్క చేతులు మణికట్టు దాకానే ఉన్నాయి. ఆ తర్వాత బంగారు తీగ.

"గాడిలో పడ్డాయి పెద్దక్కా" అన్నాడు తమ్ముడు.

"గాడి అరవేలేగా?" అంది. బావ వైపు చూసింది. "అరవేలుకి చేతులెందుకు పోతాయి? కింద ఎంత పెట్టారు మీరు?"

బావ తేలు కుట్టిన దొంగలా ఉండిపోయాడు. చేతులు పోయాయని ఆయన కూడా అప్పుడే చూస్తున్నాడు, ఆ సంగతి నేను ప్రమాణం చేసి చెప్పగలను. సంతకం మాయమైందా లేదా అన్నదొక్కటే చూసుకున్నాడు ఆ మనిషి.

"వాడి సంతకం కింద ఉంది..." అని నసిగాడు.

అక్కకి అర్థమైపోయింది. అద్దాలు కోసే మనిషికి కొలతలు ఒకరు చెప్పాలా? అత్త మీద కోపం దుత్త మీద చూపించడం విన్నాం కానీ, బావమరిది మీద ఏడుపు పెళ్ళాం చేతుల మీద పడటం ఇక్కడే చూశాను. నాకు ఒళ్ళు మండిపోయింది. అక్కడే నాలుగు దులుపుదామనుకున్నాను. అక్క నా చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చింది. ఇద్దరం బస్సెక్కాం. ఇంటికొచ్చి చీర మార్చుకుని, మర్నాటి అద్దాలకి గుర్తులు పెట్టుకుంటూ కూర్చుంది.

మర్నాడు బావ పొద్దున్నే గ్యాలరీకి పరిగెత్తాడు. ఫ్రేము విప్పి గాడి సరిచేసి ఇస్తానని బతిమాలాడు. అధికారి ఒప్పుకోలేదు. "ఒకసారి మా లెక్కలోకి వచ్చాక ముట్టుకోకూడదండీ. అయినా మీకు పిచ్చా? నిన్నట్నుంచి అందరూ దాని గురించే అడుగుతున్నారు" అన్నాడట. ఎవరైనా అదే మాట కిందటి వారం అనుంటే బావ వీధంతా దండోరా వేసేవాడు. వాడిపోయిన మొహంతో ఇంటికొచ్చాడు.

నేను అప్పుడు అక్కడే, కొట్లో, అక్కకి కుట్టిన జాకెట్టు ఇద్దామని కూర్చున్నాను. బావ వచ్చి స్టూలు అక్క బల్లకి ఎదురుగా వేసుకున్నాడు. అక్క స్కేలు పెట్టి, కోత పెన్ను ఆనించి, అద్దం మీద గీత లాగుతోంది. చేతులనే చూస్తూ కూర్చున్నాడు.

"విప్పనివ్వరట" అన్నాడు.

"ఉండనివ్వండి. మీరు అడిగిన మాట వచ్చిందిగా" అంది అక్క, తల ఎత్తకుండా.

"వాడు చూశాడే" అన్నాడు బావ. అక్క బొటనవేలి కేసి చూపించాడు. "నెలకోసారి భోజనానికొచ్చే వెధవ. ఆ మచ్చ చూశాడు, ఆ గాట్లు చూశాడు, పట్టు చూశాడు. ఈ బల్లకి ఇవతలే ఉండి నేను చూళ్ళేదు. నాకు కాలిపోతోందే."

"అంటే వాడి మీద ఏడుపు ఇంకా తీరలేదన్నమాట."

"తీరలేదు. అసలుది ఇప్పుడే మొదలైంది."

అక్క చెయ్యి కోత మధ్యలో ఆగిపోయింది. గీత వంకరపోయి అద్దం పక్కకి చిట్లింది. ఇద్దరూ ఆ ముక్కల కేసి చూస్తూ ఉండిపోయారు. నేను జాకెట్టు బల్ల మీద పెట్టేసి చప్పుడు చేయకుండా వచ్చేశాను.