ఖాసింబీ పెద్దమ్మ ఇంటి పావురాలు

మా చిన్నప్పుడు... పావురం పిల్ల గొంతు కింద వేలితో తడిమి, కడుపు నిండిందో లేదో చెప్పేసేది అమ్మ. ఇబ్రహీంపట్నంలో మా చూరు కింద వరసగా మట్టి గురుగులు కట్టి ఉండేవి... అవే వాటి కాపురాలు. పిల్లలు ఎక్కువైతే, అడిగినవాళ్ళకు ఇచ్చేవాళ్ళం.

ఇవ్వడానికీ ఒక అదును ఉండేది. పిల్ల ఇంకా ఎగరక ముందే ఇవ్వాలి. ఏ ఇంటి మీంచి మొదటిసారి ఎగిరితే అదే దాని ఇల్లు. ఎగరడం వచ్చాక ఇచ్చామో, సాయంత్రానికి మళ్ళీ మా చూరు మీదే వాలేది...

రజాకార్ల రోజులవి. ఎవరికీ కాలు నిలిచేది కాదు. దారిలో కాస్త దుమ్ము లేస్తే చాలు, అమ్మ పొయ్యి మీద కూర వదిలేసి దర్వాజ దాకా వచ్చేది. బాపు ఒకచోట కూర్చునేవాడు కాదు.

కందుకూరులో అమ్మ తల్లిగారింటికి పోదామని బాపు రోజూ అనేవాడు. అమ్మ రేపు, ఎల్లుండి అని జరుపుతూ ఉండేది. కారణం ఏమిటంటే... ఒక పావురాల జంటను పిల్లి పట్టుకుపోయింది. వాటి పిల్లలు రెండూ ఇంకా గింజ ఏరుకోలేవు. నానేసిన జొన్నలు ముక్కు తెరిచి అమ్మే పెట్టేది. ప్రాణాల మీదికి వస్తుంటే పావురాలేమిటని బాపు విసుక్కునేవాడు. నేను మాత్రం అమ్మ పక్షమే.

ఒకరోజు పొద్దున్నే పక్క ఊళ్ళో ఇళ్ళు తగలబెట్టారని తెలిసింది. ఇక ఆగలేదు. చేలకు అడ్డంపడి చప్పుడు కాకుండా నడవాలి... ఆకలైతే కీచుమనే పిల్లల్ని వెంట తీసుకుపోలేం. అమ్మ వాటిని గంపలో పెట్టుకుని ఎదురింటికి పరుగెత్తింది. నేనూ వెనకాలే.

ఎదురిల్లు ఖాసింబీ పెద్దమ్మది. దూదేకుల కుటుంబం. ఆమె ఒళ్ళో పెరిగినదాన్నే నేను. పెద్దమ్మ ఏమీ అడగకుండా గంప అందుకుంది.

"ఫికర్ జెయ్యకు. మీరు మల్లొచ్చినంక తీస్కపోండ్రి" అంది.

దారిలో అడిగాను, మళ్ళీ మనకిస్తుందా అని. అమ్మ వెనక్కి తిరక్కుండానే చెప్పింది. "గామె ఇంటి మీంచి ఎగుర్తయ్ గద బిడ్డా. ఇంక గవి గామెయే."

కందుకూరులో ఉన్నన్నాళ్ళూ నాకు అదే ధ్యాస... తిన్నాయా, ఎగిరాయా, ఉన్నాయా. అమ్మమ్మ తల దువ్వుతుంటే కూడా కుదురుగా కూర్చోలేదు. ఆఖరికి మిలట్రీ వచ్చిందనీ, రజాకార్లు పోయారనీ కబురొచ్చింది. సంబరంగా బయల్దేరాం.

ఊళ్ళోకి రాగానే నేను మా ఇంటికి కాదు, పెద్దమ్మ ఇంటికి ఉరికాను.

తలుపుకి తాళం.

రజాకార్ల మీది కోపం ముస్లింలందరి మీదికీ మళ్ళి, మొన్నటిదాకా మేం పడ్డ భయం ఇప్పుడు వాళ్ళ గడప తొక్కిందట. వాళ్ళు ఎవరికీ ఏ హానీ చేసినవాళ్ళు కాదు. అయినా మూటాముల్లె సర్దుకుని పోయారు. హైదరాబాదని ఒకరన్నారు, ఇంకా దూరమని ఇంకొకరు...

ఇంటి మీద మాత్రం రెండు పావురాలు. బాగా పెరిగాయి. ఒకదాని తెల్లటి రెక్క మీది నల్లమచ్చను గుర్తుపట్టాను. ఎంత పిలిచినా మా చూరుకి రాలేదు. అమ్మ వీధిలోనే నిలబడి ఏడ్చేసింది.

పట్టుకొచ్చి రెక్కలు కట్టేద్దామన్నాడు బాపు. అమ్మ ఒప్పుకోలేదు. "తాళం దీసేటామె వచ్చిననాడు గవి గాడనే కనవడాలె."

అప్పట్నుంచి ఆ తాళం ముందు రోజూ జొన్నలు చల్లడం నా పని. చల్లుతూ దారివైపు చూసేదాన్ని. వానలకు ఆ గోడలు కూలేదాకా అవి అక్కడే ఉన్నాయి... పెద్దమ్మే రాలేదు.

ఇప్పుడు తుర్కయాంజాల్లో మనవరాలి ఫ్లాట్‌లో ఉంటున్నాను. పావురాలు రాకుండా బాల్కనీకి వల కట్టించింది. ఇది టైపు చేస్తున్నదీ అదే, తప్పులుంటే దాన్నే తిట్టండి...

చదివేవాళ్ళలో ఎవరింట్లోనైనా, ఇబ్రహీంపట్నంలో ఎవరో అప్పజెప్పిన పావురం పిల్లల్ని వదిలి వచ్చానని బాధపడిన దాదీ ఉండేదా? ఉంటే కింద రాయండి. వాటికి ఒక్కరోజు కూడా గింజ తప్పలేదని మీకైనా చెప్పాలి.